కొడుకుని దుబాసీ చేయకండి

(హైదరాబాద్ వనస్థలిపురంలో ఒక కాలనీ సీనియర్ సిటిజన్ల సంఘం ఆదివారం సమావేశంలో ఒక రిటైర్డ్ హెడ్ నర్సు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టుగానే ఉంచాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక ఇంకా కుర్చీలున్నాయి. సెక్రటరీగారు బోర్డు మీద "విదేశాల్లో వైద్యం" అని రాయించారు. అది చూసి ఇన్సూరెన్సు ఏజెంటు ఎవరో వస్తున్నారనుకుని ఉంటారు. ఇన్సూరెన్సు గురించి కూడా రెండు ముక్కలు చెప్తాను గానీ, నేను మాట్లాడాలని వచ్చింది సిగ్గు గురించి. ముందు వరసలో కూర్చున్న మగవాళ్ళు ఇప్పుడే ఫోన్లు తీస్తున్నారు. ఆగండి, మీ సంగతి కూడా ఉంది.

ఈ ఏడాది పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు చేతులెత్తండి. అబ్బో, సగం పైనే ఉన్నారు. సరే. నాలుగు రకాల పచ్చళ్ళు కారకుండా ప్యాక్ చేయించుకుంటారు కదా? మీ మందుల ఫైలు కూడా అంత శ్రద్ధగా సర్దుకున్నవాళ్ళు ఎంతమంది? ... చేతులు దిగిపోయాయి.

నేను 31 ఏళ్ళు ఈ ఊళ్ళో సర్కారు దవాఖానాలో పనిచేశాను. రిటైరయ్యాక మూడేళ్ళు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో విదేశీ రోగుల వార్డు చూశాను. మనం పిల్లల దగ్గరికి వెళ్ళినట్టే మన ఊరికీ బయటి దేశాల నుంచి జనం వస్తారు. సోమాలియా, సూడాన్, యెమెన్, ఒమన్, ఇరాక్. టోలిచౌకి వైపు వెళ్తే అరబీ బోర్డులు కనిపించేది అందుకే. వాళ్ళకి మాట సాయానికి, అంటే ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పే దుబాసీలుగా, మనవాళ్ళే వస్తారు. మా వార్డుకి బార్కాస్ నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. నిజాం సైన్యంలోకి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడుంటారు. సైనికుల బారక్స్ అన్న మాటే బార్కాస్ అయిందంటారు. ఆ కుర్రాడికి ఉర్దూ, అరబీ, కాస్త తెలుగు, సినిమా ఇంగ్లీషు వచ్చు. మంచివాడు.

ఒకసారి యెమెన్ నుంచి ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పక్కన భర్త, ఎదురుగా ఈ కుర్రాడు. ఫైల్లో "నడుము నొప్పి" అని ఉంది. మర్నాడు ఎమ్మారై. నేను ఒక్కటే చూశాను. ఆమె మంచం మీద పూర్తిగా కూర్చోదు, అంచు మీదే కూర్చుంటుంది. అది కూడా సంచిలోంచి సొంత తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, దాని మీద. దగ్గరికెళ్తే అత్తరు వాసన, దాని కింద ఇంకో వాసన. నర్సు ముక్కుకి అది తెలుస్తుంది. మగవాళ్ళిద్దర్నీ "బిల్లు కౌంటర్లో సంతకం కావాలట" అని పంపించి తలుపు వేశాను. తువ్వాలు వైపు చెయ్యి చూపించాను. దగ్గినట్టు నటించి, కిందికి కారినట్టు వేళ్ళతో చూపించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. గర్భసంచి జారింది. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతోంది. నడుము లాగేది కూడా అందుకే. మేం ఇద్దరం ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాకుండా ఐదు నిమిషాల్లో తేల్చుకున్నది, అంతకుముందు రెండు రోజులు దుబాసీ పక్కనుండి కూడా తేలలేదు.

తర్వాత ఆ కుర్రాణ్ణి అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఆంటీ, ఆమె ఆ మాట నాతో అనదు. అన్నా ఆమె భర్త ముందు నేను తిప్పి చెప్పలేను."

మనం భాష రాకపోవడం వేరు, సిగ్గు వేరు అనుకుంటాం. నా లెక్కలో ఆ రెండూ ఒకటే ముడి. భాష రాదు గనక మధ్యలో మనిషి కావాలి. ఆ మధ్య మనిషి మనవాడే అయితే వాడి ముందు నోరు పెగలదు. డాక్టరు ముందు సిగ్గుపడేవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. తలుపు వేసి, అల్లుణ్ణో మరిదినో బయటికి పంపితే అందరూ చెప్తారు.

ఇంత తెలిసినదాన్ని, నా దాకా వచ్చేసరికి ఏం చేశానో చెప్తాను. ఇది మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

2023 సెప్టెంబరులో మా అబ్బాయి దగ్గరికి జర్మనీ వెళ్ళాను. స్టుట్‌గార్ట్ దగ్గర చిన్న ఊరు. వెళ్ళిన పన్నెండో రోజు వినాయక చవితి. మా మనవడు ఆట మట్టితో వినాయకుణ్ణి చేశాడు, తొండం రెండుసార్లు ఊడిపోతే మళ్ళీ అతికించాడు. పొద్దున్నే తలంటుకుని చీర కట్టుకుంటుంటే రక్తం మరక కనిపించింది. నాకు 61 ఏళ్ళు. నెలసరి ఆగి పదకొండేళ్ళయింది.

నేను మొదట చేసిన పని ఏమిటో తెలుసా? నడుము నొప్పిగా ఉంది, మీరు పూజ చేసుకోండి అన్నాను. ఎప్పుడో వదిలేసిన ముట్టు కోసం ఆ వయసులో అబద్ధం ఆడాను. ఆ యెమెన్ ఆవిడ ఫైల్లో ఉన్నది కూడా నడుము నొప్పే!

నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కయినా, చూపించుకోవాలి. ఈ మాట నేను వార్డులో కొన్ని వందలమందికి చెప్పి ఉంటాను. అలా వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమందికి క్యాన్సర్ ఉండదు. కానీ గర్భసంచి లోపొర క్యాన్సర్ వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమందికి ముందు కనిపించే గుర్తు ఈ రక్తమే. రెండూ నాకు తెలుసు. నేను మొదటి తొంభైని పట్టుకుని కూర్చున్నాను.

దానికి తోడు వీసా లెక్క ఒకటి. మూడు నెలల వీసా, అంటే 90 రోజులు. "ఇంకెన్నాళ్ళు, హైదరాబాద్ వెళ్ళాక మన డాక్టరమ్మకే చూపించుకుందాం" అనుకున్నాను. ఈ మాట మీరందరూ అంటారు. పంటి నొప్పికి అనండి, పరవాలేదు.

దాచడం కూడా తేలిక కాదు అక్కడ. మనలాగా అంతా ఒకే చెత్తబుట్టలో వేయరు. కాగితాలకి ఒకటి, తొక్కలకి ఒకటి, ప్లాస్టిక్‌కి పసుపు సంచి, మిగిలినదానికి ఇంకోటి. మా కోడలు ఏది ఎందులో పడిందో చూస్తుంది. నేను ఇక్కణ్ణించి పచ్చడి సీసాలకి చుట్టుకెళ్ళిన తెలుగు పేపర్లు దాచుకుని, ప్యాడ్లు వాటిలో చుట్టి, అడుగున కుక్కేదాన్ని. ప్యాడ్లు ఎక్కడివి? కోడలి బాత్రూం అరలోవి! నాలుగు వారాలు అలా గడిపాను. ఒకరోజు గిన్నెలు తుడుస్తూ ఆ పిల్ల నా వైపు చూడకుండా అంది. "అత్తయ్యా, ఆ ప్యాకెట్ నేను ఇంకా మొదలుపెట్టలేదు. సగం అయిపోయింది."

నేను అన్న మొదటి మాట, "వాడికి చెప్పకు."

ఆ పిల్ల చెప్పలేదు. "మీరు ఎప్పుడు చెప్పమంటే అప్పుడే చెప్తాను. డాక్టరుకి మాత్రం ఇవ్వాళే ఫోన్ చేస్తాను" అంది. దానికి వచ్చిన జర్మన్ కూడా సగం సగమే, అప్పటికి క్లాసులకెళ్తోంది. చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని ఫోన్ చేసింది. రిసెప్షన్ ఆవిడ మూడు వారాల తర్వాత రమ్మంది. అప్పుడు కాగితంలో రెండో లైను చదివింది, మెనోపాజ్ తర్వాత "బ్లూటుంగ్" అని. బ్లూటుంగ్ అంటే రక్తస్రావం. ఆ ఒక్క మాటకి మూడు వారాలు కాస్తా ఎల్లుండి అయింది. నాకొచ్చిన మొదటి జర్మన్ మాట అదే. "గూటెన్ మోర్గెన్" తర్వాత నేర్చుకున్నాను.

ఇక అక్కడి పద్ధతి. మన దగ్గరైతే పరీక్షకి దుప్పటి కప్పుతాం, ఆయా పక్కన నిలబడుతుంది. అక్కడ గది మూలన మూడడుగుల అర ఉంటుంది. అందులోకెళ్ళి నడుము కింది బట్టలు తీసేసి, అలాగే నడుచుకుంటూ వచ్చి కుర్చీ ఎక్కాలి. దుప్పటి లేదు, ఏమీ లేదు. వాళ్ళకి అందులో వింతేమీ లేదు. నేను అరలో ఐదు నిమిషాలు నిలబడిపోయాను. డాక్టరమ్మ "ఆల్ ఓకే?" అని పిలుస్తోంది. అప్పుడు తట్టింది. నేను చీరలో ఉన్నాను కదా! లోపలివి తీసేసి, కుచ్చిళ్ళు అలాగే పట్టుకుని బయటికొచ్చాను. కుర్చీ ఎక్కాక చీర మోకాళ్ళ మీదికి జరుపుకున్నాను. అంతకంటే మంచి దుప్పటి ఏముంది? ఆవిడ చీర అంచు వేళ్ళతో పట్టుకుని చూసి "ప్రాక్టికల్" అంది. (నవ్వులు) అమెరికా వెళ్ళేవాళ్ళకి ఈ బాధ లేదు, అక్కడ గౌను ఇస్తారు. వెనక మూసుకోదు, అది వేరే సంగతి.

భాష విషయంలో నేను భయపడినంత లేదు. ఆవిడకి ఇంగ్లీషు నాకొచ్చినంతే వచ్చు. ఎక్కడైనా ఆగిపోతే పుస్తకం మాటలు పనికొచ్చాయి. యూటరస్, పాలిప్, బయాప్సీ, ఇవి వాళ్ళకీ మనకీ ఒకటే, లాటిన్ నుంచో గ్రీకు నుంచో వచ్చినవి. నేను నర్సుని కాబట్టి నాకు తెలుసు అంటారేమో. మీకు తెలియక్కర్లేదు, మీ ఫైల్లో ఉంటాయి. మీ రిపోర్టులో డాక్టరు రాసిన జబ్బు పేరు ఏ దేశం డాక్టరైనా చదవగలడు. వాళ్ళు చదవలేనిది మన కిచెన్ ఇంగ్లీషు.

దాని గురించి కొంచెం సేపు చెప్పాలి. "ఐ హావ్ బీపీ" అంటాం. బీపీ అందరికీ ఉంటుంది, లేకపోతే పోయినట్టే. "హై" అన్న మాట కలపాలి. "ఐ హావ్ షుగర్" అంటే మీ ఇంట్లో పంచదార ఉందని. మా వాకింగ్ గ్రూపులో ఒకావిడ అక్కడి నర్సుకి "మై హస్బెండ్, త్రీ డేస్, నో మోషన్" అని చెప్పిందట. వాళ్ళు పక్షవాతమేమోనని కాళ్ళూ చేతులూ ఎత్తించి చూశారట! (నవ్వులు) నవ్వండి గానీ, "గ్యాస్" అన్న మాటకి మాత్రం నవ్వొద్దు. మనవాళ్ళు ఛాతీ బరువుని, ఎడమ చెయ్యి లాగడాన్ని, చెమటలు పట్టడాన్ని, అన్నిట్నీ గ్యాస్ అనే అంటారు. మీరే ఆ పేరు పెట్టి చెప్తే డాక్టరు పొట్ట వైపు వెళ్తాడు. మీకేమవుతోందో చెప్పండి, ఎందుకవుతోందో ఆయన చూసుకుంటాడు. "వేడి చేసింది" కూడా అంతే. మూత్రంలో మంటా, నోట్లో పుండ్లా, ముక్కులోంచి రక్తమా? అది చెప్పండి.

తమాషా ఏమిటంటే, మనకి నొప్పికి ఉన్నన్ని మాటలు ఇంగ్లీషు డాక్టరుకి చెప్పాల్సినప్పుడు గుర్తే రావు. పోటు, సలుపు, మంట, తీపు, గుంజుడు, మెలిపెట్టడం, జివ్వుమనడం. డాక్టరుకి సరిగ్గా ఈ తేడాలే కావాలి. అక్కడికెళ్ళి అన్నిటికీ కలిపి "పెయిన్" అంటాం.

అర్థం కాకపోవడం కంటే అర్థమైందనుకోవడం ప్రమాదం. 1980లో ఫ్లోరిడాలో జరిగింది ఒకటి. పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి స్పృహ లేకుండా ఆస్పత్రికి తెచ్చారు. ఇంట్లోవాళ్ళది క్యూబా స్పానిష్. తిన్నదేదో పడలేదన్న అర్థంలో "ఇంతోక్సికాదో" అన్నారు. డాక్టర్లకి అది ఇంగ్లీషు మాటలా వినిపించింది, మత్తు పదార్థం ఎక్కువైందనుకున్నారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. అది రెండు రోజులకి పైగా ఎవరికీ తట్టలేదు. ఆ పిల్లాడికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. తర్వాత 7 కోట్ల డాలర్ల పైన పరిహారానికి ఒప్పందమైంది. దుబాసీని ఎవరూ పిలవలేదు, ఎందుకంటే అందరికీ అర్థమైందనే అనుకున్నారు.

ఇక మగవాళ్ళ సంగతి. మన కాలనీలోనే ఒకాయన, ఇక్కడ లేరు లెండి, కూతురి దగ్గరికి అమెరికా వెళ్ళారు. ప్రోస్టేట్ ఇబ్బంది అంతకుముందే ఉంది, ఎవరికీ చెప్పలేదు. జలుబు చేస్తే షాపులో దొరికే జలుబు మాత్రలు వేసుకున్నారు. ఆ మాత్రల్లో కొన్నిటికి ప్రోస్టేట్ ఉన్నవాళ్ళలో మూత్రం బిగబట్టే గుణం ఉంది. రాత్రికి మూత్రం ఆగిపోయింది. కూతురితో ఏమని చెప్పారు? కడుపు నొప్పి. కూతురు ఎమర్జెన్సీలో అదే చెప్పింది. రక్త పరీక్షలు, స్కానింగు క్యూ, మూడు గంటలు. ఆయన చెమటలు కక్కుతూ మంచం కమ్మీ పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఒక నర్సు కూతుర్ని బయట కూర్చోమని, తెర మీద తెలుగు దుబాసీని కలిపింది. వీడియో రాలేదు, ఆడమనిషి గొంతు మాత్రం వచ్చింది. "చెప్పండి బాబాయ్‌గారూ" అందట, గుంటూరు యాసలో. ఆయన నాతో అన్నది, "ఆడమనిషే, అయినా మొహం కనపడలేదమ్మా, మళ్ళీ జన్మలో కనపడదు. అంతా చెప్పేశాను." గొట్టం వేస్తే దాదాపు లీటరు వచ్చింది.

అమెరికా వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆస్పత్రులు, అంటే దాదాపు అన్నీ, భాష రానివాళ్ళకి దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. మనం అడిగితే చాలు. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్", మూడే మాటలు. హిందీ అని ఇస్తే వద్దనండి. ప్రాణం మీదికొచ్చిన రోగిని డబ్బు కట్టగలడా లేదా అని చూడకుండా పరీక్షించి, కుదుటపరచాలని 1986 నుంచి అక్కడ చట్టముంది. బిల్లు తర్వాత వస్తుంది, రాకుండా ఉండదు. బ్రిటన్లో కూడా ఆస్పత్రి వాళ్ళే దుబాసీని ఏర్పాటు చేస్తారు. ఆస్ట్రేలియాలో దాని కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సర్వీసే ఉంది, నంబరు 131 450. జర్మనీలో మామూలు ఇన్సూరెన్సు దుబాసీ ఖర్చు పెట్టుకోదు. కానీ ఆపరేషన్‌కి ముందు రోగికి అర్థమయ్యేటట్టు చెప్పి తీరాలని 2013 నుంచి చట్టంలో ఉంది.

నాకు అది పనికొచ్చింది. స్కానింగులో గర్భసంచి లోపొర మందం 9 మిల్లీమీటర్లు వచ్చింది. నెలసరి ఆగినవాళ్ళకి అది నాలుగైదు దాటకూడదు. కొద్దిసేపు మత్తిచ్చి, లోపల చూసి ముక్క తీయాలన్నారు. సంతకం పెట్టమన్నప్పుడు నేను పెట్టలేదు. "నాకేం అర్థమైందో నేను చెప్తాను, తప్పయితే దిద్దండి" అన్నాను. ఈ ఉపాయం అందరూ వాడొచ్చు. నేను చెప్పినదాంట్లో ఒకటి తప్పే. నేను సాయంత్రం దాకా ఏమీ తినకూడదనుకున్నాను, వాళ్ళు చెప్పింది పరీక్ష అయ్యేదాకా అని. చిన్నదే అనుకోండి, షుగర్ మందు వేసుకునేదానికి అది చిన్నది కాదు.

ఫోన్లో యాప్ ఉంది కదా అంటారు. వాడండి, మంచినీళ్ళు ఎక్కడ అని అడగడానికి. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆస్పత్రి సూచనల్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెట్టి చూశారు. స్పానిష్‌కి నూటికి 94 సరిగ్గా వచ్చాయి, అర్మేనియన్‌కి 55. ఆ జాబితాలో తెలుగు లేదు. యాప్ ఇప్పుడు మెరుగుపడి ఉంటుంది. అయినా "కళ్ళు తిరుగుతున్నాయి" అన్నదాన్ని మాటకి మాట మార్చిందంటే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపుతారు.

అబ్బాయికి ఎప్పుడు తెలిసిందని మీకు అడగాలనే ఉంటుంది. మత్తు ఇచ్చే రోజు ఇంటికి తీసుకెళ్ళడానికి ఒక మనిషి ఉండాలి, కారు వాడిదే. ముందు రోజు రాత్రి నేనే చెప్పాను. పెద్దగా ఏమీ అనలేదు. "నేను ఫోన్ చేసి ఉంటే మూడు వారాలకే ఒప్పుకునేవాణ్ణి, ఆ మాట నాకు తెలిసేదే కాదు" అన్నాడు. కాసేపాగి, "పండగ రోజు కుడుములు నువ్వు చెయ్యలేదు, అప్పుడే అనుమానం రావాల్సింది" అన్నాడు.

రిపోర్టులో క్యాన్సర్ లేదు. లోపొర మందం పెరిగింది, చెడు కణాలు లేవు. ఇలాంటిది 20 ఏళ్ళలో క్యాన్సర్‌గా మారేది నూటికి ఐదుగురి కంటే తక్కువమందిలోనే. హార్మోన్ మాత్రలు ఇచ్చారు. ఇక్కడికొచ్చాక మళ్ళీ ముక్క తీయించుకున్నాను, ఇంకా చూపించుకుంటూనే ఉన్నాను.

ఇన్సూరెన్సు అన్నాను కదా. జర్మనీ లాంటి షెంగెన్ దేశాల వీసాకి కనీసం 30,000 యూరోల పాలసీ తప్పనిసరి. పాత జబ్బులకి చాలా పాలసీలు డబ్బివ్వవు, ఆ పేజీ చదివి ఎక్కండి. ఆస్పత్రికి వెళ్ళేముందు పాలసీ మీది నంబరుకి ఫోన్ చేయండి. అంతే, నాకు తెలిసింది.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న తెల్ల కాగితం తీయండి. పేరు, వయసు. మందుల పేర్లు, మాత్ర అట్ట మీద కంపెనీ పెట్టిన పెద్దక్షరాల పేరు వద్దు, దాని కింద చిన్నక్షరాల్లో ఉన్న అసలు పేరు రాయండి. మన పారాసిటమాల్‌ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, అది కూడా పక్కన రాసుకోండి. షుగర్ అంకె పక్కన మిల్లీగ్రాములని రాయండి, బ్రిటన్లో కొలత వేరు. మన 180 వాళ్ళకి 10. జ్వరం 102 అంటే వాళ్ళకి 39కి కాస్త తక్కువ. అంబులెన్స్ నంబరు, మన 108 అక్కడ పనిచేయదు. యూరప్‌లో 112, అమెరికాలో 911, దుబాయ్‌లో 998, సౌదీలో 997, ఆస్ట్రేలియాలో మూడు సున్నాలు.

కింద చివరి లైను ఖాళీగా వదిలాను. అక్కడ ఇంట్లో ఎవరికీ చెప్పనిది రాయండి. మూత్రం, మొలలు, రొమ్ములో గడ్డ, తెల్లబట్ట, ఏదైనా సరే. తెలుగులోనే రాయండి, ఇంగ్లీషులోకి నేను మార్చి ఇస్తాను. నోటితో అనలేనిది కాగితం మీద పెట్టి డాక్టరు చేతికిస్తే చాలు. పక్కవాళ్ళ కాగితం చూడకండి. అయ్యా, మీరే, మీ ఆవిడ కాగితం మీరు రాయకండి, ఆవిడకి రాయడం వచ్చు.

పది నిమిషాలు టైం ఇస్తున్నాను. మైకు బంద్ చేయిస్తాను. అడగాలనుకున్నవాళ్ళు ఒక్కొక్కరుగా పక్క గదిలోకి రండి. మగవాళ్ళకి నాతో ఇబ్బందైతే మా కాలనీ డాక్టరుగారు లైబ్రరీ గదిలో కూర్చున్నారు. రెండు గదులకీ తలుపులు పడతాయి, పొద్దున చూసే వచ్చాను. బాబూ, ఆ స్విచ్చి ఆపు.